‘వెదర్ టు’ సరే, ‘బిఫోర్ టు’ ఎందుకు కాదు? కంజంక్షన్ పక్కన టు ఎక్కడ నిలుస్తుంది?

శారద_గుణుపురం

అందరికీ నమస్కారం. మాది గుణుపురం. ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బళ్లో ఇంగ్లిష్. సాయంత్రాలు మా అరుగు మీద ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఇంగ్లిష్ చెప్తుంటాను. ఒక సందేహం ఎంతకీ తెగక ఇక్కడ పెడుతున్నాను.

ఒక పాప నోటుబుక్కులో ‘ఐ డోంట్ నో వెదర్ టు గో’ అని రాసింది. దాని కిందే ‘ఐ డ్రింక్ మిల్క్ బిఫోర్ టు గో టు స్కూల్’ అని రాసింది. మొదటిదానికి టిక్కు పెట్టి, రెండోదాన్ని ‘బిఫోర్ గోయింగ్’ అని దిద్దాను. ఆ పిల్ల ఊరుకోలేదు. ‘టీచరమ్మా, వెదరూ కంజంక్షనే, బిఫోరూ కంజంక్షనే అన్నారు కదా. ఒకదాని పక్కన టు వచ్చినప్పుడు రెండోదాని పక్కన ఎందుకు రాకూడదు?’ అని అడిగింది.

‘అలా అనరమ్మా, అంతే’ అని సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. సబబైన ప్రశ్న అడిగింది. బట్టీ పట్టించే జాబితా వద్దు, ఆ పిల్లకు అర్థమయ్యే కారణం ఏదైనా ఉంటే చెప్పండి.

రమణ_రాయగడ

శారద గారూ, బిఫోర్, ఆఫ్టర్, సిన్స్ ఒక్కోచోట ఒక్కో పని చేస్తాయి. పక్కన పూర్తి వాక్యం ఉంటే అది కంజంక్షన్: ‘బిఫోర్ ఐ గో’. పక్కన నామవాచకం ఉంటే ప్రిపొజిషన్: ‘బిఫోర్ లంచ్’. ప్రిపొజిషన్ పక్కన క్రియ పెట్టాలంటే దానికి ఐఎన్‌జీ తగిలించి నామవాచకంలా మార్చాలి. అందుకే ‘బిఫోర్ గోయింగ్’. ఎనిమిదో తరగతికి ఇది చాలండి.

శారద_గుణుపురం

రమణ గారూ, బిఫోర్ వరకూ మీరు చెప్పింది బాగానే ఉంది. మరి ‘వైల్’ సంగతేంటి? ‘వైల్ లంచ్’ అనం కాబట్టి అది ప్రిపొజిషన్ కాదు. అయినా ‘వైల్ గోయింగ్’ అంటాం కానీ ‘వైల్ టు గో’ అనం.

‘వెన్’ తీసుకుంటే ఇంకా చిక్కు. ‘టెల్ మీ వెన్ టు క్రాస్’ సరైన వాక్యం. ‘బీ కేర్‌ఫుల్ వెన్ టు క్రాస్ ద రోడ్’ తప్పు, అక్కడ ‘వెన్ క్రాసింగ్’ అనాలి. రెండు చోట్లా అదే వెన్. ఒకచోట టు పడుతోంది, ఒకచోట పడటం లేదు. మీ కారణం ఇక్కడికి చాలడం లేదండి.

మాస్టారు_పర్లాకిమిడి

అమ్మా శారదా, నువ్వు వెన్ దగ్గర ఆగడం మంచిదైంది. జవాబు అక్కడే ఉంది. ఆ రెండు వాక్యాలూ తెలుగులో చెప్పి చూడు.

‘ఎప్పుడు దాటాలో చెప్పు.’
‘రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త.’

మొదటిదాంట్లో ‘ఎప్పుడు’ ఉంది, రెండోదాంట్లో ‘అప్పుడు’ ఉంది. ఇంగ్లిష్‌లో రెండింటికీ వెన్ ఒక్కటే కాబట్టి పైకి తేడా కనిపించదు. మనకు ఎకారం, అకారం రెండూ విడివిడిగా చెవిన పడతాయి. ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి, ఎలా, ఎవరిని అనే ప్రశ్న మాటగా వచ్చినప్పుడు దాని పక్కన టు నిలుస్తుంది: ‘వెన్ టు క్రాస్’, ‘వేర్ టు సిట్’, ‘వాట్ టు కుక్’, ‘హౌ టు ఫోల్డ్ ఇట్’. అదే మాట అప్పుడు, అక్కడ అనే అర్థంలో వస్తే టు నిలవదు: ‘సిట్ వేర్ యూ లైక్’, ‘వెన్ క్రాసింగ్’.

వెదర్‌కు తెలుగులో ఎప్పుడు, ఎక్కడ లాంటి ప్రశ్న మాట లేదు కానీ అదీ ప్రశ్నే. ‘వెళ్లాలా వద్దా’. క్రియ చివర చూడు: వెళ్లాలా, దాటాలో, కూర్చోవాలో. ఈ ‘ఆలి’ ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి టు అవుతోంది. ‘వాట్ టు డూ’ అంటే ‘ఏం చెయ్యాలో’ అని. ‘ఏం చేస్తున్నానో’ అని కాదు. దానికి ‘వాట్ ఐ యామ్ డూయింగ్’ అనాల్సిందే.

ఇప్పుడు బిఫోర్, ఆఫ్టర్, వైల్, బికాజ్, ఆల్దో తీసుకో. వెళ్లే ముందు, వెళ్లాక, వెళ్తూ, వెళ్లినందుకు, వెళ్లినా. ఎక్కడైనా ‘ఆలి’ వినిపించిందా? వీటిలో తేల్చుకోవాల్సిన ప్రశ్న ఏమీ లేదు. ఒక పనికి కాలమో కారణమో చెప్తున్నాయి, అంతే. వాటికి ఐఎన్‌జీ గానీ పూర్తి వాక్యం గానీ కావాలి. బికాజ్‌కైతే ఐఎన్‌జీ కూడా పనికిరాదు, ‘బికాజ్ ఐ వెంట్’ అని వాక్యమే పెట్టాలి.

మా ఊళ్లో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల నోట మాట విని, అందులోంచి నియమం తీసి వ్యాకరణం రాశారు. ఆ సవర మాన్యువల్ 1931లో అచ్చయింది. ఏ భాషకైనా అదే దారి అని నా నమ్మకం. పిల్లలకు ముందు నాలుగు వాక్యాలు వినిపించు. నియమం వాళ్లే పట్టుకుంటారు.

తేజ_బరంపురం

మాస్టారూ, ఎప్పుడు–అప్పుడు తేడా నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. నేను బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. తప్పు ఎక్కడుందో పట్టుకోమనే ప్రశ్నల్లో ఇవి వచ్చినప్పుడల్లా టెన్షనే. రెండు చోట్ల మాత్రం మీ సూత్రం నిలవడం లేదనిపిస్తోంది.

ఒకటి, ‘వెళ్లాలా వద్దా’కి ఇఫ్ కూడా రావాలి కదా. ‘ఐ డోంట్ నో ఇఫ్ హీ విల్ కమ్’ అంటాం. మరి ‘ఐ డోంట్ నో ఇఫ్ టు గో’ తప్పెందుకు?

రెండోది వై. ‘ఎందుకు వెళ్లాలో’లో ఎకారం ఉంది, ఆలి కూడా ఉంది. కానీ ‘ఐ డోంట్ నో వై టు గో’ తప్పని మా కోచింగ్ సార్ అంటారు. నెట్‌లో చూస్తే ‘వై టు చూజ్ అస్’ అని ఎన్ని హెడ్డింగులో!

మాస్టారు_పర్లాకిమిడి

తేజా, రెండూ అసలైన మినహాయింపులే బాబూ.

ఇఫ్ ప్రశ్నార్థంలో వచ్చినప్పుడు పక్కన పూర్తి వాక్యమే కోరుతుంది. ‘ఇఫ్ ఐ షుడ్ గో’ అనొచ్చు. టు పెట్టాలంటే వెదర్ ఒక్కటే గతి. అబౌట్ లాంటి ప్రిపొజిషన్ తర్వాత కూడా అంతే: ‘వియ్ టాక్డ్ అబౌట్ వెదర్ టు సెల్ ద కౌ’. అక్కడ ఇఫ్ పెట్టరు. ‘ఆర్ నాట్’ని పక్కనే చేర్చి ‘వెదర్ ఆర్ నాట్ టు గో’ అన్నా వెదరే నిలుస్తుంది. దీని వెనక పెద్ద తర్కం వెతకొద్దు. ఇంగ్లిష్ వాళ్ల వాడుక అది.

వై విషయంలో మీ సార్ చెప్పింది నిజం. నేరుగా అడిగేటప్పుడు టు కూడా లేకుండా ఒట్టి క్రియ పెడతారు: ‘వై వెయిట్?’, ‘వై నాట్ ఆస్క్ హిమ్?’. వాక్యం లోపల అయితే ‘ఐ డోంట్ నో వై ఐ షుడ్ గో’. ఆ నెట్ హెడ్డింగులు మన దేశంలోనూ బయటా కనిపిస్తాయి. పరీక్షలో మాత్రం ఒప్పుకోరు.

దీనికి నాకు తోచిన కారణం ఒకటుంది. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు దాటాలి, ఏం వండాలి అన్నప్పుడు పని చెయ్యడం ఖాయం, ఒక్క వివరమే తేలాలి. ‘ఎందుకు వెళ్లాలి’ అన్నప్పుడు ఆ ‘వెళ్లాలి’నే ప్రశ్నిస్తున్నాం. అందుకే షుడ్‌ను దాచకుండా పైకి చెప్పాల్సి వస్తోందేమో. ఇది నా ఆలోచన. పరీక్షలో రాయకు.

భారతి_జయపురం

మాస్టారు గారికి నమస్కారం. ఒడియా మీడియం పిల్లల తరఫున ఒక మాట. మా జయపురం వైపు తెలుగు ఇళ్లలో కూడా పిల్లలు లెక్కలూ తర్కమూ ఒడియాలోనే ఆలోచిస్తారు. వాళ్లకు ‘ఆలో’ సూత్రం అంత సులువుగా అందదు.

శారద గారి పాప ‘బిఫోర్ టు గో’ ఎందుకు రాసిందో నేను ఊహించగలను. ఒడియాలో ‘జిబా’ అంటే వెళ్లడం, ‘జిబాకు’ అంటే వెళ్లడానికి, ‘జిబా ఆగరు’ అంటే వెళ్లే ముందు. టు గో అంటే జిబా అని ఒకసారి మనసులో పడ్డాక, ఆగరుకి బిఫోర్ పెట్టి పక్కన టు గో చేర్చడం ఆ పిల్లకు సహజం. అజాగ్రత్తగా రాసిన తప్పు కాదు, ఆలోచించి రాసిన తప్పు. అందుకే కొట్టేసి ఊరుకుంటే మళ్లీ రాస్తుంది.

వెదర్ దగ్గర ఇంకో తేడా. ఒడియాలో ‘జిబి కి నాహిఁ’ అంటారు, అంటే ‘వెళ్తానా లేదా’. దాన్ని పిల్లలు ‘వెదర్ ఐ విల్ గో ఆర్ నాట్’ అని రాస్తారు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ ‘వెళ్లాలా వద్దా’ అనే తర్జనభర్జన అందులో రాదు.

మీ ఎకార అకార సూత్రం మాత్రం ఒడియాలోకి చక్కగా వస్తుంది. ప్రశ్నకు ‘కెబె’, కాలం చెప్పడానికి ‘జెతెబెళె’. ప్రశ్నకు ‘కెఉఁఠి’, చోటు చెప్పడానికి ‘జెఉఁఠి’. కకారం వస్తే టు పెట్టొచ్చు, జకారం వస్తే పెట్టకూడదు. మా పిల్లలకు ఇక ఇలాగే చెప్తాను.

శారద_గుణుపురం

భారతి గారూ, మీరు చెప్పిందే అసలు సంగతి. ఆ పాప వాళ్ల అమ్మది ఒడియా ఇల్లే. రేపు బోర్డు మీద ఎప్పుడు–అప్పుడు ఒక వైపు, కెబె–జెతెబెళె ఒక వైపు రాసి, నడుమ వెన్ రాస్తాను.

ఇంకో చిన్న సందేహం. ‘వాడు ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియదు’ అన్నదాన్ని టు తో చెప్పొచ్చా?

రమణ_రాయగడ

చెప్పలేమండి. ‘ఐ డోంట్ నో వేర్ టు సిట్’ అంటే నేను ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియదని. టు పెట్టినప్పుడు కర్త కనిపించదు, వాక్యంలో ముందున్న మనిషి నుంచే తీసుకోవాలి. వాడి సంగతి చెప్పాలంటే ‘వేర్ హీ షుడ్ సిట్’ అని విప్పాలి.

‘టెల్ హిమ్ వేర్ టు సిట్’లో అయితే కూర్చునేది వాడే. చెప్పేవాడు కాదు, చెప్పించుకునేవాడు. ‘ఆస్క్ హిమ్ వేర్ టు సిట్’ అన్నప్పుడు మళ్లీ తిరగబడి, కూర్చునేది అడిగేవాడవుతాడు. పిల్లలతో రెండూ పక్కపక్కన చెప్పించండి. ఒక్క క్రియ మారగానే కుర్చీలో మనిషి మారిపోతాడు.

నాయుడు_కొరాపుట్

ప్రశ్నల సంగతి తేలింది కాబట్టి రెండో గుంపు ఎత్తుతున్నాను. యాజ్ ఇఫ్, సో యాజ్, ఇన్ ఆర్డర్, ఓన్లీ. వీటి పక్కన టు ఉంటుంది కానీ ప్రశ్న ఉండదు.

ఆఫీసు ఉత్తరాల్లో నేను తరచూ చూసే తప్పు ‘సో దట్ టు’. ‘సో దట్’ పక్కన పూర్తి వాక్యం రావాలి. ‘సో యాజ్’ పక్కన టు రావాలి. మన రైలునే తీసుకోండి. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు నడిచింది, 1931 నాటికి లైను గుణుపురం చేరింది. ‘ద లైన్ వాజ్ ఎక్స్‌టెండెడ్ సో యాజ్ టు రీచ్ గుణుపూర్’ సరైనది. ‘సో దట్ ట్రెయిన్స్ కుడ్ రీచ్ గుణుపూర్’ కూడా సరైనదే. రెండూ కలిపి ‘సో దట్ టు రీచ్’ అంటే చెల్లదు. ‘చేరడానికి’ అనాలనుకుంటే మొదటిది, ‘చేరేలా’ అనాలనుకుంటే రెండోది. కాదు అని చెప్పాలంటే నాట్ టు కి ముందు వస్తుంది: ‘సో యాజ్ నాట్ టు వేక్ ద బేబీ’.

యాజ్ ఇఫ్ తెలుగుకు బాగా దగ్గర. ‘హీ రెయిజ్డ్ హిజ్ హ్యాండ్ యాజ్ ఇఫ్ టు స్టాప్ ద బస్’. బస్సు ఆపడానికన్నట్టు చెయ్యెత్తాడు. మనం ‘ఆపడానికి’ చెప్పాక ‘అన్నట్టు’ చేరుస్తాం, వాళ్లు అన్నట్టు చెప్పాక ఆపడానికి చేరుస్తారు. ఇక్కడ టు ప్రశ్నను కాదు, ఉద్దేశాన్ని చెప్తోంది.

నన్ను ఆపేది ఓన్లీ. ‘వియ్ రాన్ టు ద స్టేషన్, ఓన్లీ టు ఫైండ్ ద ట్రెయిన్ గాన్’. రైలు పోయిందని చూడటానికి ఎవరూ పరుగెత్తరు. మరి ఇక్కడ టు ఏం చేస్తోంది?

మాస్టారు_పర్లాకిమిడి

నాయుడు గారూ, తెలుగులో ‘తీరా’ అనే మాట ఉంది కదండీ. పరుగెత్తుకుంటూ స్టేషనుకు వెళ్తే, తీరా చూస్తే రైలు వెళ్లిపోయింది. ఆ ‘తీరా చూస్తే’ చేసే పనే ‘ఓన్లీ టు ఫైండ్’ చేస్తుంది. అనుకున్నది ఒకటి, అయింది ఒకటి. అక్కడ టు ఉద్దేశం కాదు, ఫలితం. ఓన్లీకి ముందు కామా పెట్టి పిల్లలకు చూపించండి, లేకపోతే ‘కేవలం చూడటానికే’ అని చదువుకుంటారు.

రమణ_రాయగడ

బట్, ఎక్సెప్ట్ మిగిలాయి. నేను పిల్లలకు చెప్పేది ఇదీ: తెలుగులో ‘-డానికి తప్ప’ వస్తే టు పెట్టు, ‘-డం తప్ప’ వస్తే ఒట్టి క్రియ పెట్టు.

‘డబ్బు అడగడానికి తప్ప ఫోన్ చెయ్యడు’ అన్నదానికి ‘హీ నెవర్ కాల్స్ ఎక్సెప్ట్ టు ఆస్క్ ఫర్ మనీ’.
‘ఏడవడం తప్ప ఏమీ చెయ్యలేదు’ అన్నదానికి ‘హీ డిడ్ నథింగ్ బట్ క్రై’.

తేజ_బరంపురం

రమణన్నా, ‘వెళ్లడం తప్ప వేరే దారి లేదు’ మాటేంటి? అక్కడా ‘-డం తప్ప’ ఉంది. కానీ ‘దేర్ వాజ్ నో ఛాయిస్ బట్ టు గో’ అంటారు. టు లేకపోతే తప్పు. నేను చదివిన నియమం వేరు: ముందు డూ అనే క్రియ ఏ రూపంలో ఉన్నా బట్ తర్వాత ఒట్టి క్రియ వస్తుంది, డూ లేకపోతే టు వస్తుంది. ‘డిడ్ నథింగ్ బట్ క్రై’లో డిడ్ ఉంది. ‘నో ఛాయిస్’లో లేదు.

మాస్టారు_పర్లాకిమిడి

తేజ నియమమే గట్టిది. ‘కెనాట్ బట్’ లాంటి చోట డూ లేకుండానే ఒట్టి క్రియ వస్తుంది, ‘ఐ కెనాట్ బట్ అడ్మైర్ హర్’ అంటారు. కెన్ తర్వాత టు రాదు కాబట్టి అది దారి పొడవునా అలాగే ఉండిపోతుంది. రమణ చెప్పిన ‘-డానికి తప్ప’ సగం వరకూ పనికొస్తుంది, అంటే ఎక్సెప్ట్ పక్కన ఉద్దేశం ఉన్నప్పుడు.

ఏలియా_గజపతి

మా తాతగారి దగ్గర మిషన్ వాళ్లిచ్చిన పాత ఇంగ్లిష్ బైబిల్ ఉంది. 1611 నాటి అనువాదం. మత్తయి పదకొండో అధ్యాయంలో ‘వాట్ వెంట్ యీ అవుట్ ఫర్ టు సీ’ అని ఉంటుంది. మా ఊళ్లో పిల్లలు ‘ఐ కేమ్ ఫర్ టు సీ యూ’ అని రాస్తే టీచర్లు కొడతారు. బైబిల్లో ఉన్నది తప్పెలా అవుతుందని చిన్నప్పటి నుంచీ నా ప్రశ్న.

మాస్టారు_పర్లాకిమిడి

ఏలియా బాబూ, ఆ కాలంలో అది తప్పు కాదు. ‘చూడటం కోసం’ అని గట్టిగా చెప్పడానికి ఫర్ టు వాడేవారు. తర్వాత వాడుకలోంచి పోయింది. ఇప్పుడు కొన్ని ప్రాంతాల మాండలికాల్లోనూ పాటల్లోనూ వినిపిస్తుంది. పిల్లలు అలా రాస్తే కొట్టొద్దని చెప్పు. ‘నువ్వు రాసింది పాత ఇంగ్లిష్‌లో ఉంది, ఇప్పుడు ఫర్ తీసేసి రాస్తున్నారు’ అని చెప్తే చాలు. ఆ పిల్లవాడు మళ్లీ మరచిపోడు.

తేజ_బరంపురం

దాన్ ఒక్కటి చెప్పండి మాస్టారూ. ‘రాదర్ దాన్’ తర్వాత టు పెట్టాలా, ఒట్టి క్రియా, ఐఎన్‌జీయా? మూడూ చూశాను.

మాస్టారు_పర్లాకిమిడి

మూడూ ఉన్నాయి. వాక్యం మొదట్లో వస్తే ఒట్టి క్రియ హాయిగా ఉంటుంది: ‘రాదర్ దాన్ వెయిట్ ఫర్ ద బస్, వియ్ టుక్ ద ట్రెయిన్’. ‘వెయిటింగ్’ అన్నా ఒప్పుకుంటారు. ‘ఐ వుడ్ రాదర్ వాక్ దాన్ వెయిట్’లో మాత్రం రెండు వైపులా ఒట్టి క్రియే, టు పెట్టకు. ‘ఇట్ ఈజ్ బెటర్ టు ఆస్క్ దాన్ టు గెస్’లో మొదటి వైపు టు ఉంది కాబట్టి రెండో వైపూ ఉంచడం మంచిది. దాన్‌కి అటూ ఇటూ ఒకే రూపం ఉందో లేదో చూసుకుంటే చాలు.

భారతి_జయపురం

ఐదర్, ఆర్‌కి కూడా ఇదే వర్తిస్తుందా? ‘హీ డిసైడెడ్ ఐదర్ టు సెల్ ద ల్యాండ్ ఆర్ లీజ్ ఇట్’ అని మా పిల్లలు రాస్తారు.

మాస్టారు_పర్లాకిమిడి

వర్తిస్తుందమ్మా. ఐదర్ తర్వాత టు పెడితే ఆర్ తర్వాత కూడా పెట్టాలి: ‘ఐదర్ టు సెల్ ఆర్ టు లీజ్’. లేదంటే టు ని ఐదర్ కంటే ముందుకు జరపాలి: ‘టు ఐదర్ సెల్ ఆర్ లీజ్’. అప్పుడు ఒక్క టు రెండింటికీ సరిపోతుంది. మామూలు యాండ్ దగ్గర ఇంత పట్టింపు లేదు. ‘ఐ వాంట్ టు బై రైస్ యాండ్ కుక్ ఇట్’ అంటే టు ఒకసారి చాలు. రెండు పనుల మధ్య దూరం పెరిగినా, ఒకదానికి ఒకటి ఎదురైనా మళ్లీ చెప్పాలి. ‘టు గో ఆర్ నాట్ టు గో’లో రెండో టు తీసేసి చదివి చూడు, తేడా చెవికే తెలుస్తుంది.

నాయుడు_కొరాపుట్

యాండ్ అంటే గుర్తొచ్చింది. ‘ట్రై టు కమ్’ అనాలా, ‘ట్రై యాండ్ కమ్’ అనాలా? మా ఆఫీసర్ రెండోది తప్పని కొట్టేస్తారు.

మాస్టారు_పర్లాకిమిడి

మాటల్లో రెండోది ఇంగ్లిష్ వాళ్లు రోజూ అంటారు, తప్పు కాదు. ఉత్తరంలో మొదటిది రాయండి. ఒక్కటి గమనించండి, ట్రై మార్పు లేకుండా ఉన్నంతవరకే యాండ్ పనికొస్తుంది. ‘హీ ట్రైడ్ యాండ్ కేమ్’ అంటే ప్రయత్నించి వచ్చేశాడని అయిపోతుంది. ‘ట్రైడ్’, ‘ట్రైయింగ్’ రాగానే టు కి వెళ్లిపోవాలి: ‘హీ ట్రైడ్ టు కమ్’.